బుంగమ్మ ఇల్లరికపు అల్లుడు

ఒకప్పుడు, అంటే సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట, ఆషాఢ బహుళ పంచమి గురువారం ఉదయం, సముద్రం మీద సన్నగా తుంపర పడుతోంది. గురువారమేనా అని తగువు పెట్టుకోవద్దు. అప్పటికి పంచాంగం రాసేవాళ్లూ లేరు, చూసేవాళ్లూ లేరు.

ఆ రోజుల్లో ప్రతి ప్రాణీ ఒకే ఒక కణం. ఒంటిగది ఇల్లన్నమాట. వంట, పడక, దస్తావేజులు అన్నీ ఆ గదిలోనే. మా కాలేజీ హాస్టలూ అంతే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

బుంగమ్మ అనే లావుపాటి కణానికి పెద్ద కష్టం వచ్చింది. పచ్చనాచువాళ్లు ఎండలో వంట చేసుకుని నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతున్నారు. అది ఆవిడకు విషం. ఒళ్లంతా మంట. ఇంకో పూట ఇలాగే ఉంటే బతకదు.

పోయేదేదో కడుపు నిండాక పోదామని, ఎదురుగా ఈదుతున్న రవ్వయ్య అనే బుల్లి బ్యాక్టీరియాను గుటుక్కున మింగేసింది. నమలకుండా మింగడం తప్పే. పళ్లు లేవు, ఏం చేస్తుంది.

కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "అత్తగారూ, మంట తగ్గిందా?"

"అత్తగారేమిట్రా? నువ్వు నా ఫలహారానివి."

"ముందు తగ్గిందో లేదో చెప్పండి."

తగ్గింది. రవ్వయ్య ఆక్సిజన్‌ని పప్పుచెక్కల్లా తింటున్నాడు. ఆ వేడికి బుంగమ్మకు ఎక్కడలేని సత్తువ వస్తోంది.

"నన్ను అరిగించుకుంటే ఈ పూట గడుస్తుంది. ఉంచుకుంటే రోజూ గడుస్తుంది. ఇల్లరికం ఉండిపోతాను," అన్నాడు రవ్వయ్య.

"నాకు కూతుళ్లు లేరే."

"మధ్యాహ్నానికి మీరే రెండుగా చీలతారు. ఇద్దరూ కూతుళ్లే. నేనూ చీలతాను. ఇంటికొకణ్ణి."

పక్కింటి కణం పీచమ్మ ఇదంతా విని పడీపడీ నవ్వింది. "పొట్టలోవాణ్ణి అల్లుడంటావటే బుంగీ? రేపు పెసరట్టును మరిదిగారూ అంటావు."

బుంగమ్మ పట్టించుకోలేదు. "ఇల్లరికం వచ్చేవాడు పుట్టింటి దస్తావేజులు అత్తగారికి అప్పజెప్పాలి నాయనా."

రవ్వయ్య అప్పజెప్పాడు. అవి పట్టక ఆవిడ లోపల తలుపున్న గది ఒకటి కట్టించింది. నాలుగు కాగితాలు మాత్రం అతను మొలలో దోపుకున్నాడు. అల్లుడన్నాక ఆమాత్రం జాగ్రత్త ఉండాలి.

"నాదీ ఒక షరతు," అన్నాడు. "మగపిల్లలకు జీవితాంతం తోడుంటాను. వాళ్ల పిల్లల దగ్గరికి మాత్రం వెళ్లను. ఇల్లరికపువాడు ఆడపిల్లల వెంటే ఉండాలి."

అప్పటినుంచే చెట్టులోనూ, పీతలోనూ, మనలోనూ రవ్వయ్య సంతానం పొయ్యి రాజేస్తోంది. బడిలో దాన్ని మైటోకాండ్రియా అంటారు. దస్తావేజుల్లో, అంటే జన్యువుల్లో, చాలావరకు ఆ లోపలి గదికి దక్కాయి. దాని పేరు కేంద్రకం. అమ్మ రవ్వయ్యను కూతురికీ ఇస్తుంది, కొడుక్కీ ఇస్తుంది. నాన్న తన అమ్మ ఇచ్చినవాడితో బతికినన్నాళ్లూ పరుగెత్తుతాడు గానీ, పిల్లలకు ఇవ్వలేడు.

పీచమ్మకు ఏమీ రాలేదు. ఆవిడ మనవలు ఇప్పటికీ ఒంటిగదిలోనే, మీ ఇంటి పెరుగుగిన్నెలో ఉన్నారు.