ఓబులేసు ఇంజను

తెలివి కొలిచే వస్తువైతే శేరు లెక్కన అమ్మి మేడలు కట్టేవాళ్ళమని ఓబులేసు రోజుకొకసారైనా అనేవాడు. "కొలిచే పాత్రే దొరకలేదన్నా" అని తమ్ముళ్ళు సుంకన్న, తిప్పన్న వంత పాడేవాళ్ళు. ఆ ఇంట్లో ఒకటే నియమం. ఎవరేం చెప్తే అక్షరం పొల్లుపోకుండా అదే చెయ్యాలి. ఒకసారి బియ్యం అంగడాయన "కండ్లు మూసుకొని తీసుకుపోండప్పా, అంత మంచి సరుకు" అన్నాడు. ఇంకేముంది? ముగ్గురూ గట్టిగా కండ్లు మూసుకొని, తడుముకొని, చేతికి తగిలిన మూట ఎత్తుకొచ్చారు. ఇంట్లో విప్పి చూస్తే తవుడు! "కండ్లు మూసుకొనే తెచ్చినాం గదా, మంచిదే అయ్యుంటాది" అని మూట అయిపోయేదాకా అదే వండుకు తిన్నారు. వీధిలో తవుడు తినే ఎనుములు వాళ్ళను సొంత మనుషుల్లా చూసేవి.

అంత తెలివిగల ఓబులేసుకు ఒక బెంగ పట్టుకుంది. ఊరి చెక్కభజనలో ముందు వరస ఆయనది, అంతకు ముందు వాళ్ళ నాయనది. కాళ్ళకు గజ్జెలు కట్టి, చెక్కలు పట్టి, గోవిందా అని ఎగిరితే ఊరంతా చూసేది. ఇప్పుడేమో ఒళ్ళు పెరిగింది. మొన్న ఎగిరిన ఎగురుకు వేదిక పలక ఫటేలుమని విరిగి, మోకాలి దాకా లోపలికి దిగబడ్డాడు. గురువు తిమ్మప్ప తల పట్టుకున్నాడు.

"అబ్బీ ఓబులేసూ, నువ్వు ఎగిరితే మాకు వైకుంఠం కాదురా, పాతాళం కనపడతాంది. బాగా చెమట పట్టించి ఒళ్ళు తగ్గించుకో. పట్నం తిరునాళ్ళకు ఇట్లాగే వస్తే ముందు వరసలో ఇంకొకడుంటాడు."

ఓబులేసు గజ్జెలు గుండెకు హత్తుకున్నాడు. ముందు వరస పోతే ఇంక బతికేం లాభం? చెమట పట్టించమన్నాడు గదా, అంతే! మిట్టమధ్యాహ్నం మిద్దె మీద మూడు కంబళ్ళు కప్పుకొని కూర్చున్నాడు. చెమటా పట్టింది, సొమ్మసిల్లీ పడ్డాడు. సూది వెయ్యడానికొచ్చిన కాంపౌండరు సంగతంతా విని, "పట్నంలో కాసిం అంగట్లో మూడు చక్రాల స్కూటర్లు వచ్చినాయి. కాలితో తన్నుకుంటా పోవాల. ఆరోగ్యానికి ఆరోగ్యం, సరదాకు సరదా. పోయి ఒకటి కొనుక్కో" అన్నాడు.

అన్నదమ్ములు ముగ్గురూ పట్నం పోయారు. "ఆరోగ్యానికా, సరదాకా?" అన్నాడు కాసిం.

"ఆరోగ్యం అన్నకు, సరదా మాకు" అన్నాడు తిప్పన్న.

ఎద్దుల సంతలో పేరు మోసిన వాళ్ళు, బండి ఎంచడం ఒక లెక్కా? సుంకన్న వంగి ఒక్కొక్క బండికీ వయసు చెప్పే పండ్లు వెతికాడు. ఒకదానికీ లేవు. "అన్నీ లేత దూడలే" అని సంతోషపడ్డాడు. తిప్పన్న సుడుల కోసం సీట్లు వెతికి, సీట్లే లేవని తెలిసి, చక్రాల సందున తడిమాడు. ఒక ఎర్ర బండిని వెనక నుంచి చరిచారు, తన్నలేదు. గడ్డి పెట్టి చూశారు, తినలేదు. "సాధువైన బండి, మేపు ఖర్చు కూడా లేదు" అని దాన్నే ఖాయం చేశారు.

"దీని ఇంజను ఏదప్పా?" అన్నాడు ఓబులేసు.

కాసిం నవ్వాడు. "దీనికి ఇంజనెందుకన్నా? మనిషే ఇంజను. నువ్వు తిన్న తిండే పెట్రోలు."

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. "చూసినావా అన్నా, ఇంట్లో ఇంత పెద్ద ఇంజను పెట్టుకొని ఇన్నేండ్లు నడిచి చచ్చినాం!" అన్నాడు సుంకన్న. ఓబులేసు ఛాతీ రెండింతలయింది. పొట్ట ఎటూ అయ్యే ఉంది.

మర్నాడు పొద్దున ఓబులేసు పెండ్లాం నాగులమ్మ ట్యాంకు నింపడానికి కూర్చుంది. రాగిసంగటి ముద్ద, నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి, మళ్ళా ముద్ద. తిప్పన్న అన్న పొట్ట మీద వేలితో కొట్టి చూశాడు. "వదినా, ఇంకా డొల్ల శబ్దం వస్తాంది. సగమే నిండింది."

"నా వల్ల కాదురా" అన్నాడు ఓబులేసు.

"నీకేం తెలుసన్నా, ఇంజను ఎప్పుడన్నా తన పెట్రోలు తాను చూసుకుంటాదా?" అని ఇంకో రెండు ముద్దలు కూరారు. దారిలో అయిపోతే రిజర్వు ఉండాలని ఒక ముద్ద తువ్వాల్లో కట్టి మెడకు వేలాడదీశారు.

ఓబులేసు ఒక కాలు పలక మీద పెట్టి, ఇంకో కాలితో నేలను తన్నాడు. బండి కదిలింది! వీధి చివరికి పోయేసరికి ఆయాసం, చెమట. పాపం, అక్కడ ఆపకుండా ఉండి ఉంటే ఈ కథే లేదు, మనిషి బాగుపడేవాడు. కానీ తమ్ముళ్ళకు బండ్ల సంగతి బాగా తెలుసు.

"ఆపన్నా ఆపు! ఇంజను వేడెక్కింది!" అని సుంకన్న బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించాడు. ఇంజను చల్లారేదాకా కదిలించకూడదని మధ్యాహ్నం దాకా నీడన పడుకోబెట్టారు. చల్లారేలోపల పెట్రోలు అరిగిపోయింది గదా, మళ్ళా నింపారు. రోజూ ఇదే వరస. ఓబులేసు గుర్రు పెడితే "వినురా, ఎంత నున్నగా ఆడతాందో" అని తమ్ముళ్ళు మురిసిపోయేవాళ్ళు.

తిరునాళ్ళకు ముందురోజు మిట్ట మీది నుంచి పల్లానికి దిగుతున్నారు. తిప్పన్న లారీ డ్రైవర్ల దగ్గర విన్న మాట చెప్పాడు. "పల్లంలో ఇంజను ఆపేస్తే పెట్రోలు మిగులుతాదన్నా."

నిజమే గదా అని ఓబులేసు బండి దిగి, దారి పక్కన కదలకుండా నిలబడ్డాడు. అంతే! బండి ఒక్కటే జర్రున పోయింది. పోయి పోయి తిమ్మప్ప గురువు ఇంటి పంచలో దూరి, భజన మద్దెలను చీల్చుకొని ఆగింది.

"బండి ఇక్కడుంటే నువ్వెక్కడ చచ్చినావురా?" అని అరిచాడు గురువు.

"నన్ను ఆపినారు గురూ" అన్నాడు ఓబులేసు వినయంగా.

గురువు పండ్లు కొరికి, ఓబులేసును చెనిక్కాయల మండీకి లాక్కుపోయి కాటా మీద నిలబెట్టాడు. తగ్గడం మాట దేవుడెరుగు, ముల్లు బండి కొనక ముందు నిలిచిన చోటు దాటి ఎక్కడికో పోయింది. "బండి కొని ఒళ్ళు పెంచినోన్ని నిన్నే చూస్తాండా! రేపు ఈ ఒంటితో వచ్చినావో, ముందు వరస కాదు, వెనక వరస కూడా ల్యా!" అన్నాడు. ఓబులేసు నడివీధిలో చిన్నపిల్లోడిలా ఏడ్చాడు.

"ఏడవద్దన్నా, బండి బంగారం. ఇంజనే చెడింది" అని తమ్ముళ్ళు ఓదార్చారు.

తిరునాళ్ళ రోజు సాయంత్రం ముగ్గురూ గజ్జెలతో సహా కాసిం అంగడికి పోయారు. కాసిం బేరాల్లో మునిగి తల ఎత్తలేదు. "చెడిన పార్టు ఆడ అరలో పెట్టి పోండప్పా, తర్వాత చూస్తా" అన్నాడు.

ఇంకేముంది? ఓబులేసును పైకెత్తి, పంపులకూ ట్యూబులకూ నడుమ అరలో కూర్చోబెట్టారు. మరి కొత్త ఇంజను? అంగడి ముందర పీచుమిఠాయి అమ్ముకునే గోవిందు ఎండిన చింతబరికెలా నిలబడి ఉన్నాడు. "మూడు పూటలా ట్యాంకు నింపుతాం, వస్తావా?" అన్నాడు సుంకన్న. కడుపు నిండి ఎన్నాళ్ళయిందో, "ఇప్పుడే నింపండి సామీ, మా ఊర్లో నేనూ చెక్కలు పట్టినోన్నే" అన్నాడు గోవిందు.

"ఇంజను మారితే బండి పేరు మారదు గదా. ఈ పొద్దు నుంచి నీ పేరు ఓబులేసు" అన్నాడు తిప్పన్న.

ఓబులేసు గజ్జెలు విప్పి గోవిందు చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు కండ్లలో నీళ్ళు తిరిగాయి. కానీ పార్టు ఏడవకూడదని ఊరుకున్నాడు. తమ్ముళ్ళు కొత్త ఓబులేసుకు ట్యాంకు నింపి తిరునాళ్ళకు తోలుకుపోయారు.

కాసేపటికి కాసిం అరకేసి చూసి అదిరిపడ్డాడు. "ఏందన్నా, ఆడ కూర్చున్నావ్?"

ఓబులేసు పార్టులా బిగుసుకొని కూర్చున్నాడు. అప్పుడే తిరునాళ్ళ మైకు మోగింది. "ముందు వరసలో ఓబులేసును చూడండి! గాల్లో తేలిపోతాండాడు! భలే ఓబులేసూ, భలే!" జనం ఈలలు అంగడి దాకా వినిపించాయి.

ఓబులేసు ఇంక ఉండబట్టలేకపోయాడు. ఆనందంతో అర మీదే తొడ చరిచాడు. "విన్నావా కాసిం? నీ బండి చల్లగుండ! ముందు వరసలో ఎట్లా ఎగురుతాండానో విను! ఇంతసేపు ఎగిరినా ఒక్క చుక్క చెమట పట్టలేదు, మోకాళ్ళ నొప్పి కూడా ల్యా!"