ఎకరానికి నలభై గుంటలు

బుచ్చిలింగం ఇంట్లో ఉండేది ముగ్గురే. తెలివి మాత్రం ముప్పై మందికి సరిపడా ఉందని ఆయన నమ్మకం. అది ఎక్కడ జారిపోతుందోనని తలకు ఎప్పుడూ తువ్వాలు బిగించి ఉంచేవాడు. భార్య కనకవ్వ ఇంకా జాగ్రత్తపరురాలు, చెవుల్లోంచి కారిపోకుండా దూది కూడా పెట్టుకునేది. ఆమె తమ్ముడు సమ్మయ్యకు తువ్వాలూ ఉంది, దూదీ ఉంది.

ఊరు మాత్రం ఆ ఇంటిని "బుర్రలేని ఇల్లు" అనేది. ఆ మాట బుచ్చిలింగానికి ముల్లులా గుచ్చుకునేది. అలాంటి రోజుల్లో, భూములు కొలిచి పటాలు గీసేవాళ్ళకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తారని పేపర్లో పడింది. మెడలో కార్డు వేలాడేసుకుని బజార్లో నడిస్తే ఇంకెవడంటాడు ఆ మాట? బుచ్చిలింగం పరుగున రిటైరైన సర్వేయరు ఖాసిం సారు దగ్గరికి పోయాడు.

"ఒక్కడివే చదివితే నిద్రొస్తుంది. ముగ్గురూ కూడి చదవండి. నేను అప్పుడప్పుడూ వచ్చి చూస్తా. చదివింది తలకెక్కాలి సుమా!" అన్నాడు సారు.

అంతే. ముగ్గురూ వసారాలో చాప పరిచి, పుస్తకాలు తల మీద పెట్టుకుని, తాడుతో గడ్డానికి కట్టేసుకుని కూర్చున్నారు. మూడోనాడు సారు వచ్చి, "ఏం బిడ్డా, తలకెక్కిందా?" అన్నాడు.

"ఎక్కింది సారూ. మెడ మాత్రం దిగిపోయింది" అన్నాడు బుచ్చిలింగం.

సారు ఓపికస్తుడు. తాళ్ళు విప్పించాడు. ఊరి పటం ఒకటి చేతికిచ్చి, "పటం చూడగానే ముందు ఉత్తరం ఎక్కడుందో వెతకాలి. ఉత్తరం పైన ఉంటుంది. ఉత్తరం లేని పటం దండగ" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది, ముగ్గురూ పటాన్ని తిరగేశారు, దులిపారు, ఎండకు పట్టి చూశారు. ఉత్తరం లేదు.

"దారిలో పడిపోయుంటుంది బావా" అన్నాడు సమ్మయ్య. పోస్టాఫీసుకు పోయి అడిగారు. పటం పేరున ఏ ఉత్తరమూ రాలేదన్నాడు పోస్టుమాను.

"వాళ్ళు రాయకపోతే మనం రాయలేమా?" అంది కనకవ్వ. కూర్చుని రాసింది: "ఊరి పటానికి, మేము క్షేమం. నీవు క్షేమమని తలుస్తాము. చెరువును అడిగినట్టు చెప్పు." అన్నంమెతుకులు పూసి పటం పైభాగాన అంటించింది. సారు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పైనే అంటించాం కదండీ!" అంది కనకవ్వ నొచ్చుకుని.

పుస్తకంతో వీళ్ళకు పని కాదనుకున్నాడు సారు. ఆయనకు కూతురు ఊరికి వెళ్ళే పని పడింది. "నాలుగు రోజుల్లో వస్తా. వాన పడితే పెసలు చల్లాలని చేను దున్ని ఉంచా. సరిగ్గా ఎకరం. దాని మీద కొలత నేర్చుకోండి. ఎకరానికి నలభై గుంటలు. ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా లైసెన్సు రాదు" అని బస్సెక్కాడు.

ముగ్గురూ చేనుకు పోయారు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెతికారు. అడవిపంది తవ్విన గుంట ఒక్కటే కనబడింది.

"అయ్యో, సారును మోసం చేశారు! చేను అమ్మినవాడు ముప్పై తొమ్మిది గుంటలు మింగేశాడు" అన్నాడు సమ్మయ్య.

బుచ్చిలింగం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాఠం చెప్పి రూపాయి తీసుకోని మనిషి. ఆయనకు తెలిస్తే గుండె ఆగిపోదూ? పదండి, మనమే తవ్వి పెడదాం."

అంతే. మూడు రోజులు తవ్వారు. చేతులు బొబ్బలెక్కాయి. నాలుగోనాడు లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి.

ఇంకేముంది, ఒకటి పూడ్చాలి. పూడ్చడానికి మట్టి కావాలి. సమ్మయ్య పక్కనే తవ్వి మట్టి తెచ్చి పూడ్చాడు. లెక్కపెట్టారు. నలభై ఒకటి! కొత్తదాన్ని పూడ్చడానికి ఇంకోచోట తవ్వారు. మళ్ళీ నలభై ఒకటి!

"మొండి గుంట. దీన్ని పక్క చేనులోకి నెట్టేద్దాం" అంది కనకవ్వ.

ముగ్గురూ గుంట అంచుకు భుజాలు ఆనించి, "హైసా" అంటూ తోశారు. అంచు విరిగి మట్టంతా లోపల పడింది. గుంట మాయమైంది. "కదిలింది! కదిలిపోయింది!" అని బుచ్చిలింగం గంతులేశాడు.

అప్పుడే బస్సు దిగిన ఖాసిం సారు చేను వైపు వచ్చాడు. గట్టు దిగాడు, పదమూడో గుంటలో పడ్డాడు. అందులోంచే నెమ్మదిగా అన్నాడు: "గుంట అంటే కొలత బిడ్డా. నూట ఇరవై ఒక్క గజాలు."

సమ్మయ్య గుంటలోకి తొంగి చూశాడు. "గజం అంటే ఏనుగు కదా సారూ? ఇందులో మీరొక్కరే ఇరుకుగా ఉన్నారు. నూట ఇరవై ఒక్క ఏనుగులు ఎలా పడతాయి?"

సారుకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, ఆఖరికి నవ్వొచ్చింది. "నన్ను పైకి లాగండి. ఇవన్నీ పూడ్చండి. రేపు వెళ్ళి ఆ పరీక్షేదో రాసి రండి" అన్నాడు.

మర్నాడు పట్నంలో మేడ మీద పరీక్ష. కాగితం ఇచ్చారు. మొదటి ప్రశ్న: "క్రింది ఖాళీలను పూరింపుము." బుచ్చిలింగం మొహం వెలిగిపోయింది. వస్తూ వస్తూ చూశాడు, కింది గది మొత్తం ఖాళీ! భార్యకు, బావమరిదికి సైగ చేశాడు. ముగ్గురూ కాగితాలు బల్ల మీద పెట్టి లేచారు.

"ఎక్కడికి?" అన్నాడు కాపలా ఉన్న మాస్టారు.

"ఖాళీలు పూరించడానికండీ!"

ఆయన నోరు తెరిచేలోపే మెట్లు దిగిపోయారు. బస్టాండుకు పరిగెత్తి, "ఫ్యాను ఉంది, బెంచీలున్నాయి, రండి" అని ఎండలో నిలబడ్డవాళ్ళను పిలిచారు. మూటలతో ముసలమ్మలు వచ్చారు, కోడిపుంజుతో ఒకాయన వచ్చాడు, పెళ్ళికి పోతున్న బ్యాండు మేళం మొత్తం వచ్చింది. గది నిండింది. ఆఖరున మూడు చోట్లు మిగిలితే తామే కూర్చున్నారు.

పైన ఆఖరి గంట కొట్టారు. "నూటికి నూరు!" అని బుచ్చిలింగం మీసం దువ్వాడు.

కనకవ్వ మాత్రం పై అంతస్తు వైపు చూసి నిట్టూర్చింది. "పాపం ఆ మాస్టారే. ఆయన గదిలో మూడు ఖాళీలు అలాగే వదిలేశాడు. ఈసారికి పరీక్ష తప్పుతాడు."