బల్బు కింద లడ్డూలు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం మా కుశలానంద స్వామికి అలవాటు. ఒకనాడు కరెంటాఫీసులో ఉద్యోగం చేసే శిష్యుడు పరాంకుశం అడిగాడు: "స్వామీ, పొద్దున్నే మా పేట ట్రాన్స్‌ఫార్మరు మోయలేక మూలుగుతోంది. ఆ వేళ కరెంటు ధర పెంచితే రద్దీ తగ్గుతుందంటారా?"

"నాలుగు రోజులు ఇక్కడే ఉండు. లడ్డూలు చుట్టడం వచ్చా?" అన్నారు స్వామి.

ఆశ్రమానిదీ అప్పుడు అదే బాధ. తెల్లవారి అయిదింటికి నలభై గదుల్లో నలభై గీజర్లు ఒక్కసారే వేసేవాళ్లం. ఫ్యూజు ఎగిరిపోయేది, వంటింట్లో గ్రైండరు ఆగిపోయేది. వంట చేసే సుభద్రమ్మ తేల్చి చెప్పేసింది: "ఇంకొక్కసారి పిండి మధ్యలో ఆగిందా, తణుకులో మా అక్క దగ్గరికి పోతాను."

ఆమె పోతే గరిటె పట్టగలవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్ప చెప్పుకోకూడదు గానీ, నా ఉప్మా తిన్న ముగ్గురు సంసారులు అక్కడికక్కడే సన్యాసం పుచ్చుకున్నారు. ఎందుకో మరి, ఆశ్రమమంతా హడలిపోయింది.

స్వామి ధర ప్రకటించారు. అయిదింటికి గీజరు వేసినవాడు గోశాల ఊడ్వాలి. పదింటికి వేసుకున్నవాడికి ఒక లడ్డూ.

మర్నాడు అయిదింటికి ఒక్క గీజరూ వెలగలేదు. పది కొట్టగానే నలభై వెలిగాయి. ఫ్యూజు పేలిన చప్పుడుకి గోదావరి అవతలి ఒడ్డున కాకులు లేచాయి. సుభద్రమ్మ గారెల పిండి చేతులతోనే వచ్చింది.

"బాగుంది స్వామీ! అయిదింటికి పోయే ఫ్యూజుని పదింటికి తెచ్చారు. నేను పెట్టె సర్దుకుంటున్నా."

"ఒక్క రోజు ఆగు తల్లీ," అన్నారు స్వామి.

మూడోనాడు తెల్లవారకముందే ఆయన చీకటి వరండాలో, పాతకాలపు బల్బు కింద లడ్డూల పళ్లెంతో కూర్చున్నారు. ఇక వేళాపాళా లేదు. ఒకేసారి వేసిన గీజర్లు ఎక్కువయ్యేకొద్దీ ఆ బల్బు మసకబారేది. బల్బు ధగధగా వెలుగుతున్నప్పుడు స్నానానికి వెళ్లేవాడికి నిండు లడ్డూ. వెలుగు తగ్గితే సగం. బల్బు ఎర్రబడిందా, చేతిలో రెండు బూందీ గింజలు.

కాసేపటికే వరండాలో కొత్త మాటలు వినబడ్డాయి. "ఎర్రగా ఉంది, ఆగవయ్యా!" "రంగాచారిగారు తల తుడుచుకుంటూ వచ్చేశారు, ఇప్పుడెళ్లు!" ఎవరూ ఎవరినీ కసరలేదు. నేను ఆ రోజు ఏడు స్నానాలు చేసి ఏడు నిండు లడ్డూలు తిన్నాను. పుట్టి బుద్ధెరిగాక అంత శుభ్రంగా ఎన్నడూ లేను. మధ్యాహ్నం దాకా గ్రైండరు ఒక్క క్షణం ఆగలేదు. సుభద్రమ్మ పెట్టె తెరిచి, తనతో తీసుకుపోదామనుకున్న ఆశ్రమం గరిటెని బయటికి తీసింది.

పరాంకుశం చేతులు జోడించాడు. "అర్థమైంది స్వామీ. మా పేటకి ఎన్ని లడ్డూలు చుట్టమంటారు?"

స్వామి ఖాళీ పళ్లెం పక్కన పెట్టి అన్నారు: "వాళ్లు బల్బుని చూడటం నేర్చుకున్నారు నాయనా. నువ్వింకా పళ్లెంలోకే చూస్తున్నావు."