రాజుగారి రెండు నెలల ఏడాది

ఒకానొక రాజ్యం. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు, పొద్దున్నే బయలుదేరిన ఎడ్లబండి మధ్యాహ్న భోజనానికి పొరుగు రాజ్యం చేరిపోయేది. దాన్ని ఏలే ఇందుశేఖరవర్మ గద్దెనెక్కి తొమ్మిదేళ్ళే. పొరుగురాజు ముప్ఫై ఏళ్ళుగా ఏలుతున్నాడు. అదొక్కటే ఈయనకి కంట్లో నలుసు.

ఒకనాడు నిండుసభలో ఆజ్ఞ వేశాడు.

"ఇవాళ్టి నుంచి మా రాజ్యంలో ఋతువుకొక ఏడాది. రెండు నెలలకే సంవత్సరం నిండుతుంది. గడిచినవాటికీ, రాబోయేవాటికీ, అన్నిటికీ ఇదే లెక్క!"

సభ జేజేలు పలికింది. ఆస్థాన జ్యోతిష్కుడు కొమ్మన సిద్ధాంతి మాత్రం మనసులో శివుణ్ణి తలుచుకున్నాడు. కోట కందకం తవ్వడానికి ఇంటికొక మనిషి ఏడాదికో నెల వెట్టికి వెళ్ళాలి మరి. ఇక రెండు నెలలకో నెల!

అనుకున్నంతా అయింది. తొలకరి పడి రైతులు అరకలు కడుతుంటే, ఆజ్ఞ పడ్డ మర్నాడే భటులు వచ్చి వాళ్ళని తోలుకుపోయారు. ఇల్లాళ్ళు సిద్ధాంతి గుమ్మంలో నిలబడ్డారు.

"అదను దాటిపోతోంది బాబయ్యా. పిల్లలకేం పెట్టాలి?"

"ఇంటికి పదండమ్మా. రాజుగారి దగ్గరికే వెళ్తున్నాను."

పళ్ళెంలో నువ్వులు, దర్భలు పెట్టుకుని సభకెళ్ళాడు. రాజుకి నమస్కారమైనా చెయ్యకుండా మంత్రివైపు తిరిగాడు.

"మంత్రిగారూ, రాజుగారి తద్దినం ఎప్పుడు పెట్టిద్దాం?"

"ఎవరి తద్దినం?" రాజు గద్దె మీంచి లేచాడు.

"తమదే ప్రభూ. జాతకం ప్రకారం తమ ఆయుష్షు తొంభై ఏళ్ళు. మొన్నటిదాకా తమకి ముప్ఫైయారు. కొత్త లెక్కన రెండువందల పదహారు. అంటే తమరు స్వర్గస్థులై నూట ఇరవయ్యారేళ్ళు. ఒక్క తద్దినమైనా జరగలేదు. అపరాధం నాదే."

"ఆ లెక్క నా ఆయుష్షుకి కాదయ్యా!"

"అన్నిటికీ అని తమరే సెలవిచ్చారు. కందకం తవ్వేవాళ్ళకి వర్తించింది కదా అని..."

"తల తీయిస్తాను!"

"చిత్తం. పోయినవారి ఆజ్ఞ భటులు పాటించవచ్చునా అని మంత్రిగారిని కనుక్కోవాలి."

రాజు నువ్వులకేసి చూశాడు. మీసం అదిరింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"నన్ను బతికించవయ్యా సిద్ధాంతీ!"

"పన్నెండు నెలలకే ఏడాది అనండి ప్రభూ, బతికేస్తారు."

"అన్నాను. కందకంలో ఉన్నవాళ్ళని ఇప్పుడే ఇళ్ళకి పంపండి. మన గాదెల్లోంచి విత్తనాలు కూడా ఇచ్చి పంపండి." చేతి కంకణం తీసి సిద్ధాంతికి తొడిగాడు. అంతలోనే మొహం చిన్నబోయింది. "కానీ తొమ్మిదేళ్ళ ఏలుబడిని యాభైనాలుగని రాతిమీద చెక్కించేశానే!"

"చెరపకండి ప్రభూ. భగవంతుడి దయవల్ల తమరు అంతకాలమూ ఏలండి. ఇరవయ్యేడో ఏటే గద్దెనెక్కారు కనక అప్పటికీ జాతకంలో ఇంకో తొమ్మిదేళ్ళు మిగులుతాయి."