కుచ్చుకి తలంటు

"వకుళా! ఓ వకుళా! ఎక్కడున్నావే?"

మేడమెట్ల మీంచి పిలుపు. వకుళ పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనకాల నక్కి కూర్చుంది. మోకాళ్ళ మధ్య తల దూర్చేసింది. పిలుపు వినబడుతూనే ఉంది, అయినా పలకలేదు.

పిలిచిందెవరు, ఇది దాక్కుందెందుకు అంటావా? దుప్పటి మెడదాకా లాక్కో, చెబుతాను. కాలు నా మీద వేసుకుంటే వేసుకో, తన్నకు మరి.

అనగనగా ఒక ఊళ్ళో, రైలుకట్ట పక్కన, ఒక డాబా ఇల్లు. కింది వాటాలో వకుళ, వాళ్ళమ్మ, నాయనమ్మ. పై వాటాలో కౌముది, వాళ్ళ అమ్మానాన్నలు. పిల్లలిద్దరిదీ ఒకే ఈడు, ఒకే బడి, ఒకే బెంచీ.

ఆ ఏడు వకుళకి పెద్ద జ్వరం వచ్చింది. తగ్గితే జుట్టు ఇస్తానని వాళ్ళమ్మ కొండ మీది దేవుడికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది, జుట్టూ ఇచ్చేశారు. నడుము దాటిన జడ తడితడిగా ఒళ్ళో పడుతుంటే వకుళ చూస్తూ కూర్చుంది. దేవుడిది దేవుడికి ఇచ్చాం, ఏడవకూడదు అని వాళ్ళమ్మ చెప్పింది. అందుకని ఏడవలేదు.

ఆ తర్వాత బళ్ళో మొదలైంది. వెనక బెంచీ పిల్లలు జేబులోంచి దువ్వెన తీసి, "వకుళా, ఇలా రావే, నీ గుండులో మొహం చూసుకుని పాపిడి తీసుకుంటాం" అనేవారు. అప్పట్నుంచి అది తలకి చున్నీ చుట్టుకునే తిరిగేది. రాత్రిళ్ళు కలలో మాత్రం దాని జుట్టు డాబా మీంచి కిందికి జారి, రైలుపట్టాల దాకా పారేది. చందమామ దిగొచ్చి చిక్కు తీసేవాడు. తెల్లారి తడుముకుంటే పెసర మొలకలంత వెంట్రుకలు చేతికి గుచ్చుకునేవి.

అలాంటి రోజుల్లో కౌముదికి వాళ్ళ మావయ్య పట్నం నుంచి ఒక బుల్లి జంతువుని తెచ్చిచ్చాడు. గినీ పిగ్గు అంటారు దాన్ని. పిగ్గంటే మన వీధిలో తిరిగేది కాదులే! కుందేలుకి చెవులు కురచ చేసి, ఎలుకకి తోక తీసేసి, రెండూ కలిపి ఒక గుప్పెడు చేస్తే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. ఇది మరీ జుట్టున్న జాతి. తేనెరంగూ తెలుపూ కలిసిన జుట్టు, నాలుగు పక్కలా నేల మీద పారాడేది. తలెటో తోకెటో తెలిసేది కాదు. కొత్తిమీర కట్ట చూపిస్తే ఏ పక్క కదిలితే ఆ పక్క మొహం అన్నమాట. కుయ్య్ కుయ్య్ అని ఈల వేసేది. అచ్చం నేల మీద పడిపోయిన జడకుచ్చులా ఉందని దానికి కుచ్చు అని పేరు పెట్టారు.

కౌముది రోజూ సాయంత్రం కుచ్చుని ఒళ్ళో తువ్వాలు మీద కూర్చోబెట్టుకునేది. మెత్తటి బుల్లి బ్రష్షుతో దువ్వేది. కుదురు నొప్పెట్టకుండా ఒక చేత్తో జుట్టు పట్టుకుని, ముందు కొసలు, ఆ తర్వాత మధ్యన, ఆఖర్న పైన. వెనకాల మురికైతే బేసిన్‌లో పాదాలు తడిసేటన్ని గోరువెచ్చటి నీళ్ళు పోసి అంతమట్టుకే కడిగేది. మొహం మీద చుక్క పడనిచ్చేది కాదు.

వకుళ పక్కనే కూర్చుని చూసేది. "ఒక్కసారి నేను దువ్వనా?" అని అడిగేది.

"ఇప్పుడొద్దులేవే, తర్వాత" అనేది కౌముది. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు.

అప్పుడు కౌముది వాళ్ళ పిన్ని పెళ్ళి వచ్చింది. మేడ మీది వాళ్ళంతా పెళ్ళికి బయల్దేరారు. కౌముది పంజరం పట్టుకుని కిందికొచ్చింది.

"మూడే మూడు మాటలు విను వకుళా. ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. రోజూ మెల్లిగా దువ్వాలి. స్నానం మాత్రం వద్దు. దీనికి జలుబు చేస్తే ప్రాణం మీదికొస్తుందిట. ఒట్టు పెట్టు."

వకుళ చున్నీ మీద చెయ్యి పెట్టుకుంది. "నా నెత్తి మీద ఒట్టు" అంది.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. ఆదివారమంటే ఆ ఇంట్లో తలంటు రోజు. నాయనమ్మ అలవాటు కొద్దీ కుంకుడుకాయలు నలగ్గొట్టి వేణ్ణీళ్ళలో నానబెట్టేసింది. నూనె గిన్నె పక్కన పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో, నా మతిమండ! నీకింక ఇన్నెందుకే, రెండు చెంబులు గుమ్మరించుకుంటే సరిపాయె" అని నవ్వేసి, వకుళ వాళ్ళమ్మతో కలిసి బజారుకెళ్ళింది.

నాయనమ్మ నవ్వింది గానీ వకుళకి నవ్వు రాలేదు. నురగలు కట్టిన కుంకుడు రసం కేసి చూసింది. పంజరంలో కుచ్చు కేసి చూసింది. ఎండ పడి ఆ జుట్టు బంగారంలా ఉంది. ఉన్నట్టుండి వకుళకో ఊహ వచ్చింది. నేనిచ్చిన జుట్టే దేవుడు దీనికి పెట్టి మా ఇంటికి పంపించాడేమో. నా జుట్టే ఇది. నా జుట్టుకి నేను తలంటు పోసుకుంటే తప్పేముంది?

పిచ్చిపిల్ల. ఒట్టు గుర్తుంది. గుర్తుండే చేసింది.

ముందు నూనె రాసింది. కుచ్చు బిగుసుకుపోయి కదలకుండా కూర్చుంది. హాయిగా ఉంది కాబోలు అనుకుంది వకుళ. భయమేస్తే ఆ జాతి అలాగే బిగుసుకుంటుందని ఆ పిల్లకి తెలీదు.

ఆ తర్వాత కుంకుడు రసం పోసి రుద్దింది. నురగ జారి కుచ్చు కంట్లో పడింది. కుచ్చు కీచుమని అరిచింది. నీకూ తెలుసుగా, ఎలా మండుతుందో! అయినా వకుళ ఆపలేదు. తనకి నాయనమ్మ చెప్పినట్టే, "కళ్ళు మూసుకో తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అంటూ ఇంకో గుప్పెడు పోసింది.

ఆ తర్వాత ధూపం గిన్నెలో పొద్దుటి సాంబ్రాణి ఇంకా రగులుతుంటే, దాని మీద గంప బోర్లించి, గంప మీద కుచ్చుని పెట్టి, జుట్టు విడదీసి ఆరబెట్టింది. కుచ్చు తుమ్మింది. మళ్ళీ తుమ్మింది.

అయితే ఆ జుట్టు చూడాలి! పట్టుకుంటే పాదరసంలా జారిపోతోంది. వకుళ రెండు బుల్లి జడలు అల్లి ఎర్ర రిబ్బను కట్టింది. చెంపకి ఆనించుకుని అద్దంలో చూసుకుంది. అద్దంలో తన భుజం మీద తేనెరంగు జడ. ఎంత బావుందో!

అప్పుడే అద్దంలో కుచ్చు కన్ను కనబడింది. ఎర్రగా, సగం మూసుకుని, నీరు కారుతోంది.

వకుళ గబగబా రిబ్బన్లు విప్పేసింది. కుచ్చు పంజరంలో మూలకి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. కొత్తిమీర పెడితే ముట్టలేదు. కారెట్టు పెడితే ముట్టలేదు. ఈల వెయ్యలేదు. వకుళ చెయ్యి చాపితే చాలు, వణికేది. ఆ రోజంతా వకుళ చేతులు కడుక్కుంటూనే ఉంది. ఎంత కడిగినా కుంకుడు వాసన పోలేదు.

తెల్లారేసరికి కౌముది వచ్చేసింది. వస్తూనే పిలిచింది. వకుళ డ్రమ్ము వెనకాల దాక్కుంది. ఇప్పుడు తెలిసిందా, ఎందుకు దాక్కుందో?

"ఇక్కడున్నావా దొంగా!" అని కౌముది వచ్చి అమాంతం వాటేసుకుంది. "కుచ్చుని చూశానే! గోడవైపు తిరిగి పడుకుంది గానీ, ఆ జుట్టు! పెళ్ళికూతురి జడ కూడా అలా మెరవలేదు. ఏం చేశావే?"

దొంగా అన్న మాట వకుళకి ముల్లులా దిగింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. తీరా బయటికొచ్చింది, "రోజూ దువ్వాను" అని. అది అబద్ధమూ కాదు. నిజమూ కాదు.

సాయంత్రానికి కుచ్చు ఇంకా నీరసించింది. అప్పుడు పిల్లలిద్దరూ కౌముది వాళ్ళ నాన్నతో కలిసి దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు కంట్లోకి లైటు వేసి చూశాడు.

"దీన్ని దేంతోనైనా కడిగారా అమ్మా? ఏం పడిందో తెలిస్తే దానికి తగ్గ మందిస్తాను."

"అబ్బే, లేదండీ" అంది కౌముది, వకుళ కంటే ముందే. "మా వకుళ ఒట్టేసింది. మాట తప్పే రకం కాదది."

డాక్టరు వకుళ కేసి చూశాడు. వకుళ గోడ మీది క్యాలెండర్లో ఆవు బొమ్మ కేసి చూసింది. చెవులు వేడెక్కిపోయాయి. చున్నీ ఇంకాస్త కిందికి లాక్కుంది. డాక్టరు ఏదో చుక్కల మందు రాసిచ్చి, "రేపటికల్లా తినకపోతే కష్టం" అన్నాడు.

ఆ పూట వకుళకి అన్నం సయించలేదు. ఆవకాయన్నం ముద్ద కలిపి పెడుతుంటే మొహం తిప్పుకుంది. "మళ్ళీ జ్వరమా ఏమే?" అని నాయనమ్మ నుదురు పట్టుకు చూసింది. ఎంత చల్లటి చెయ్యో! ఆ చెయ్యి తగిలితే ఇంకా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కౌముది. ఒక చేతిలో పంజరం, ఇంకో చేతిలో బుల్లి బ్రష్షు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వకుళా, ఇది నీ దగ్గరే ఉండనీవే" అంది. "నేను వదిలేసి పెళ్ళికెళ్ళాను కదా, దానికి నా మీద కోపమొచ్చింది. అందుకే తినట్లేదు. నీ మీద బెంగ పెట్టుకుందని అమ్మ కూడా అంది. నీ దగ్గరుంటేనే కదా అంత బావుంది! నువ్వే పెంచుకో. బతికితే చాలు నాకు. ఇదిగో, బ్రష్షు కూడా నీకే."

ఎన్నాళ్ళుగానో అడిగినా చేతికి రాని బ్రష్షు. దాని పళ్ళలో ఒక పొడుగాటి తేనెరంగు వెంట్రుక చిక్కుకుని ఉంది. సరే అంటే చాలు. బ్రష్షూ వకుళదే, కుచ్చూ దానిదే, ఆ జుట్టంతా దానిదే. ఎవరికీ ఎప్పటికీ తెలీదు.

వకుళ పంజరం కేసి చూసింది. కుచ్చు ఒంటికన్నుతో వకుళని చూసి, గడ్డిలోకి ఇంకా లోపలికి దూరిపోయింది.

అప్పుడు వకుళ తల మీది చున్నీ తీసేసింది. పెసర మొలకల జుట్టు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈ నెత్తి మీదే ఒట్టేశాను కౌముదీ. తప్పాను. నేనే దానికి తలంటు పోశాను. నూనె రాశాను, కుంకుడు రసంతో రుద్దాను, సాంబ్రాణి పొగ పెట్టాను. కంట్లో పడి అది అరిచింది. అరిచినా ఆపలేదు. పద, డాక్టరు గారికి నేనే చెబుతాను. దానికి నీ మీద కోపం లేదే. నేనంటే భయం."

కుంకుడు రసమని చెబితే
కుదిరింది మందు,
కుయ్య్ కుయ్య్ మంది కుచ్చు
కొత్తిమీర ముందు.
కథ పోయింది కంచికి,
మనం వచ్చాం మంచానికి.