పదకొండు వేల ఫోటోల దర్బారు

ఒకానొక రాజ్యంలో, రాజులు నెత్తిన కిరీటమూ చేతిలో ట్యాబూ పెట్టుకుని తిరిగే కాలంలో, ఉద్దండవర్మ అనే మహారాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు పగడాలకోట. దానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రమెట్ట కొండలు.

ఉద్దండవర్మ చెడ్డవాడు కాదు. కాకపోతే తనది ఏదైనా సరే, అందరికంటే పెద్దదై ఉండాలి. ఆయన గొడుగు కింద ఒక పెళ్లి బృందం మొత్తం నిలబడొచ్చు. ఆయన మంచం ఎక్కాలంటే నిచ్చెన వేయాలి. మీసాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక ఉదయం పట్టపుటేనుగు ఈనిందని కబురొచ్చింది. రాజుగారు ట్యాబ్ పట్టుకుని గజశాలకు పరుగెత్తారు. గున్న తడబడుతూ మొదటిసారి కాళ్ల మీద నిలబడుతోంది. రాజుగారు గురి చూసి వేలితో నొక్కారు. ఫోటో పడలేదు. "స్టోరేజీ నిండిపోయింది" అని తెర మీద అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కారు. మళ్లీ అవే అక్షరాలు. ఈలోగా గున్న లేచి నిలబడి, పాలు కూడా తాగేసింది.

"నూట ఇరవై ఎనిమిది జీబీలట! మహారాజుకు ఇంత ఇరుకైన ట్యాబా?" అని ఉద్దండవర్మ మండిపడ్డాడు.

సరిగ్గా ఆ రోజే రేవులో ఖాసిం సాయిబు ఓడ ఆగింది. ఆయన దర్బారుకు రెండు పెట్టెలు తెచ్చాడు. ఒక దాంట్లో ముప్పై చిన్న ట్యాబ్‌లు, ఒక్కోటి అరవై నాలుగు జీబీలు. అవి ఎర్రమెట్ట కొండల్లో తిరిగే ముప్పైమంది నర్సుల కోసం మహారాజే కిందటేడు తెప్పిస్తానని మాట ఇచ్చినవి. రెండో పెట్టెలో బంగారు అంచు వేసిన ఒకే ఒక్క ట్యాబ్ ఉంది. రెండువేల జీబీలు.

రాజుగారి కళ్లు రెండో పెట్టె మీదే ఆగిపోయాయి.

"మహారాజా, మీరు పక్కన పెట్టిన సొమ్ముకు ఈ ముప్పై అయినా వస్తాయి, ఆ ఒక్కటైనా వస్తుంది. రెండూ రావు. రేపు మధ్యాహ్నం పోటుకు మా ఓడ కదులుతుంది. ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు ఖాసిం సాయిబు.

"తేల్చేదేముంది ప్రభూ! మహారాజుకు మహా ట్యాబే శోభ" అన్నాడు మంత్రి భీమపాత్రుడు. రాజు నోరు తెరవకముందే అవుననడం ఆయనకు అలవాటు.

నర్సుల తరఫున ట్యాబ్‌లు తీసుకెళ్లడానికి కొండ దిగి వచ్చిన సుక్కమ్మ చేతులు కట్టుకుని ముందుకు వచ్చింది.

"మారాజా, మొన్న వానల్లో ఒక కాన్పు అడ్డం తిరిగింది బాబూ. ఏం చెయ్యాలో చూపించే వీడియో పట్నం ఆసుపత్రిలో ఉంది, నేను కొండ మీద ఉన్నాను. అక్కడ సిగ్నల్ అందదు. తల్లిని డోలీలో పదకొండు మైళ్లు మోసుకొచ్చాం. తల్లి బతికింది." అక్కడితో ఆగిపోయింది. బిడ్డ సంగతి ఎవరూ అడగలేదు.

రాజు ఒక్క క్షణం తల దించుకున్నాడు. వెంటనే భీమపాత్రుడు అందుకున్నాడు. "పాపం, నిజమే. వచ్చే ఏడు చూద్దాం. అయినా అరవై నాలుగు జీబీల్లో ఏం పడుతుంది, పిచ్చిదానా?"

దర్బారులో ఒక మూల నుంచి మెల్లగా నవ్వు వినిపించింది. నవ్వింది వల్లభమ్మ. రాజుగారి తాతగారి నాటి తాళపత్రాల దగ్గర నుంచి నిన్నటి ఉత్తరువు దాకా, అన్నీ దాచే భాండాగారానికి ఆమే అధికారిణి. నడుముకు తాళాల గుత్తి, నోటికి మాత్రం తాళం లేదు.

"సుక్కమ్మా, నీ ట్యాబ్‌లో ఏమేం పెట్టుకుంటావో చెప్పు" అంది వల్లభమ్మ.

సుక్కమ్మ వేళ్లు మడిచి చెప్పింది. "పిల్లల బరువుల పట్టీలు. టీకాల లెక్క. కాన్పు వీడియోలు పద్నాలుగు, అవి లోపలే ఉండాలి. పుండ్ల ఫోటోలు తీస్తాను, శనివారం సంతకు దిగినప్పుడు డాక్టరుగారికి పంపి తీసేస్తాను. అంతే అమ్మా. అరవై నాలుగులో సగం ఖాళీగానే ఉంటుంది."

"చూశారా ప్రభూ, ఆవిడకు తనకెంత కావాలో తెలుసు. మరి మీకెంత కావాలో?"

ఉద్దండవర్మ మీసం దువ్వాడు. "అంత తెలిసినదానివి నువ్వే చెప్పు వల్లభమ్మా. రేపు ఓడ కదిలేలోగా నాకెన్ని జీబీలు కావాలో ఒక అంకె చెప్పాలి. నేను ఉంచమన్నది ఒక్కటి దాంట్లో పట్టకపోయినా నీ తాళాల గుత్తి భీమపాత్రుడికి ఇచ్చేసి వెళ్లాలి. ఇంకో మాట. నా ట్యాబ్‌లోంచి నీ చేత్తో ఒక్క ఫోటో కూడా చెరపకూడదు."

"చిత్తం. నా వేలు కూడా తగలనివ్వను" అంది వల్లభమ్మ.

ఆ సాయంత్రం ఆమె ట్యాబ్ తెరిచి చూసి దిమ్మెరపోయింది. పదకొండు వేల ఫోటోలు! అందులో సగానికి పైగా రాజుగారి మీసాలే. ఇవి అక్కర్లేదని మహారాజుతో అనే ధైర్యం ఎవరికుంటుంది? కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత తాళాల గుత్తి గలగలలాడేలా లేచి రాజుగారి దగ్గరికి వెళ్లింది.

"ప్రభూ, మీ దర్బారులోకి ఎవరైనా అనుమతి లేకుండా రాగలరా?"

"తల తెగుతుంది!"

"మరి రెండువేల జీబీల మహా ట్యాబ్‌లోకి ఏ ఫోటో పడితే ఆ ఫోటో ఎలా ప్రవేశిస్తుంది? ఒక్కొక్కటీ మీ ముందుకొచ్చి నిలబడాలి. మీరు 'ఉంచు' అంటే ఉండాలి, 'పో' అంటే పోవాలి. రేపు ఫోటోలకు దర్బారు పెట్టండి."

ఫోటోలకు దర్బారు! పొరుగు రాజులెవరూ ఇలాంటిది పెట్టలేదు. ఉద్దండవర్మ ముఖం వెలిగిపోయింది.

పొద్దు పొడిచేసరికి కోటలో ఇసుక వేస్తే రాలనంత జనం. దర్బారు గోడకు తెల్లటి తెర కట్టారు. ట్యాబ్‌లో కనిపించేదంతా గోడంత పెద్దదిగా కనపడుతోంది. తెర మూలన ఖాళీ చోటు ఎంతో చూపించే అంకె ఉంది. సున్నా.

మొదట మీసాలు వచ్చాయి. ఒకేలాంటివి నలభై ఒకేసారి గోడ మీద పరుచుకున్నాయి.

"వీటిలో ఏది ఉంచమంటారు ప్రభూ?"

"అన్నీ..." అనబోయి రాజుగారు ఆగారు. నలభై మీసాలు ఒక్కసారిగా తన వంకే చూస్తుంటే ఆయనకే ఎలాగో అనిపించింది. "ఆ మూడోది. మిగతావి పో!" అని తన బొటనవేలితోనే నొక్కారు.

తర్వాత గజశాల పైకప్పు ఫోటోలు పదిహేడు. రాజుగారి కుడికాలు ఫోటోలు ఇరవై రెండు. పాయసం తింటూ నోరు తెరిచిన ఫోటో ఒకటి గోడంత ఎత్తున రాగానే జనం నోళ్లు నొక్కుకున్నారు.

"ఇది తీసిందెవడు?"

"తమరే ప్రభూ."

"పో! పో! పో!"

"ప్రభూ, తమ కుడికాలు కూడా దేశసంపద. దాన్నయినా ఉంచండి" అని భీమపాత్రుడు బతిమాలాడు.

"అయితే నీ ట్యాబ్‌లో దాచుకో."

"నా దాంట్లో చోటు లేదు ప్రభూ" అన్నాడు మంత్రి తొందరపడి. దర్బారు గొల్లుమంది.

ఆపైన గులాబీలు మొదలయ్యాయి. గులాబీ మీద 'శుభోదయం'. కాఫీ కప్పు మీద 'శుభోదయం'. రెండు పావురాల మధ్య 'శుభోదయం'. తొమ్మిది వందల శుభోదయాలు!

"మంత్రీ, ఇవన్నీ నువ్వు పంపినవేనా?"

"రోజూ పొద్దున్నే భక్తితో..."

"నా ఏనుగు గున్నకు చోటు లేకుండా చేసింది నీ భక్తేనన్నమాట!"

ఆ తర్వాత సినిమాలు వచ్చాయి. మొత్తం ఇరవై. చూసినవి రెండు.

"ప్రభూ, కోటలో వంటింటి దాకా వైఫై ఉంది. కావాలన్నప్పుడు అప్పటికప్పుడు చూడొచ్చు" అంది వల్లభమ్మ.

"మరి ఇవన్నీ నా ట్యాబ్‌లో కాపురం పెట్టాయెందుకు? పో!"

అలా సాగుతుండగా భీమపాత్రుడు ఒక్కసారిగా తెర వైపు వేలు చూపించి అరిచాడు. "ప్రభూ, మోసం! పొద్దుటి నుంచి వేలకు వేలు తీసేశారు. ఖాళీ చూడండి!"

అందరూ చూశారు. అంకె కదలలేదు. సున్నాయే.

సుక్కమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. రేవు నుంచి ఖాసిం సాయిబు ఓడ మొదటి బూర ఊదింది. రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"వల్లభమ్మా, ఏమిటిది?"

ఆమె తొణకలేదు. "ప్రభూ, మీరు పొమ్మన్నవాళ్లు ఇంకా పోలేదు. చెత్తబుట్ట అని ఒక చోటుంది, అందులో కూర్చున్నారు. మహారాజు మనసు మార్చుకుంటారేమోనని నెల రోజులు అక్కడే ఎదురుచూస్తారు. వెళ్లిపొమ్మని మీరు ఆఖరి ఆజ్ఞ ఇవ్వాలి."

"నేను పొమ్మన్నాక వాకిట్లో తిష్ట వేస్తారా?" ఉద్దండవర్మ సింహాసనం దిగి వచ్చి, చెత్తబుట్ట తెరిచి, 'అన్నీ ఖాళీ చెయ్యి' అన్న చోట బలంగా నొక్కాడు.

అంకె గిర్రున తిరిగింది. పన్నెండు. ముప్పై. యాభై ఐదు! జనం అంకెతో పాటు కేకలు వేయడం మొదలుపెట్టారు. డెబ్బై! ఎనభై! మహారాజు కూడా చప్పట్లు కొడుతూ వాళ్లతో గొంతు కలిపాడు.

"ఇంకా తీసుకురా! ఇంకేమున్నాయి?"

మరో నలభై మీసాలు వచ్చాయి. వాటి మధ్య ఇరుక్కుని చిన్న వీడియో ఒకటి ఉంది. రాజుగారి వేలు గాలిలోనే ఆగిపోయింది.

అందులో ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని పనసకాయ కోస్తోంది. చేతులకు నూనె రాసుకుంది. తల ఎత్తి చూసి, "ముందు ఆ పలక పక్కన పెట్టి అన్నం తినరా నాయనా, చల్లారిపోతోంది" అంది. అంతే. పన్నెండు సెకన్లు.

రాజమాత. ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఉద్దండవర్మ దాన్ని మూడుసార్లు వేయించుకుని విన్నాడు. "దీని కోసం నేను వెతకని రోజు లేదు" అన్నాడు. "పోయిందనుకున్నాను. నా మీసాల కిందే ఉందా?"

"దీన్ని ఉంచమంటారా ప్రభూ?" అని వల్లభమ్మ మెల్లగా అడిగింది.

"ఇదొక్కటి ఉంటే చాలు. భాండాగారంలో కూడా ఒక ప్రతి దాచు. నా చేతిలో ట్యాబ్ పగిలినా అమ్మ మిగలాలి."

మిగిలిన మీసాలను ఆయన చూడకుండానే పంపించేశాడు.

ఓడ రెండో బూర ఊదేసరికి పదకొండు వేల ఫోటోల్లో రెండు వందల పన్నెండు మిగిలాయి. ట్యాబ్ సొంత సామాను, రాజుగారి చదరంగం, మిగిలిన ఫోటోలు, వీడియోలు, అన్నీ కలిపి ముప్పై ఒక్క జీబీ.

"ఓడ కదలబోతోంది. నీ అంకె చెప్పు" అన్నాడు రాజు.

"అరవై నాలుగు ప్రభూ. సుక్కమ్మకు ఎంతో మీకూ అంతే. ఇంకా నాలుగేళ్లు ఏనుగు గున్నల ఫోటోలు తీసుకోవచ్చు. అయితే మీ చేతిలో ఇప్పటికే దానికి రెట్టింపు ఉంది. కాబట్టి మీకు కొత్తది అక్కర్లేదు."

భీమపాత్రుడు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈవిడ మోసం చేసింది! చెరపకూడదన్నారు కదా!"

"నా వేలు తగిలిందా మంత్రిగారూ? ఇంతమంది చూశారు. ప్రతి ఫోటోనీ పొమ్మన్నది మహారాజే. ఆయన ఉంచమన్నదల్లా ఉంది. పట్టనిది ఏదైనా ఉంటే ఒక్కటి చూపించండి, ఇప్పుడే తాళాలు మీ చేతిలో పెడతాను" అంటూ వల్లభమ్మ గుత్తి తీసి చాచింది.

ఉద్దండవర్మ ఆ గుత్తి వంక చూశాడు. మంత్రి వంక చూశాడు. ముందు మీసాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. ఆపైన కిరీటం పక్కకు ఒరిగిపోయేలా పగలబడి నవ్వాడు.

"నా చేతే నా మీసాలు గొరిగించావు కదమ్మా! సాయిబూ, ఆ బంగారు ట్యాబ్‌ను ఓడెక్కించు. ఈ ముప్పై సుక్కమ్మకు ఇవ్వు."

సుక్కమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, పెట్టె మీద వాలిపోయింది.

రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి వల్లభమ్మకు ఇచ్చాడు. "ఇది కాక ఇంకేం కావాలో కోరుకో."

"పట్టపుటేనుగు బాలింత కాబట్టి దాన్ని అడగను. రెండో ఏనుగునూ నాలుగు రోజుల సెలవునూ ఇప్పించండి. కొండ మీద సిగ్నల్ ఉండదు. ఆ పద్నాలుగు వీడియోలు ఇక్కడే ఎక్కించుకుని, నేనే వెంట వెళ్లి అందరికీ నేర్పించి వస్తాను."

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. భీమపాత్రుడికి కూడా పని అప్పగించాడు. ఇకపై శుభోదయం చెప్పాలంటే స్వయంగా వచ్చి, నోటితో చెప్పాలి. అదీ సూర్యోదయానికే.

నెల తిరగకముందే ఎర్రమెట్ట నుంచి ఒక ఫోటో వచ్చింది. వల్లభమ్మ దాన్ని రాజుగారికి చూపించింది. అడ్డం తిరిగిన ఇంకో కాన్పు. ఈసారి సుక్కమ్మ వీడియో చూసి, అక్కడే, గుడిసెలోనే పురుడు పోసింది. పాత గుడ్డలో చుట్టిన పసిపిల్ల కళ్లు మూసుకుని గుక్కపట్టి ఏడుస్తోంది.

ఉద్దండవర్మ చాలాసేపు చూశాడు.

"ఉంచు" అన్నాడు.