తొయ్యకుండా తెరుచుకున్న తలుపు

దేవుడు తెలివిని గిన్నెలో పట్టుకుని ఇంటింటికీ గరిటెడు పంచుకుంటూ వచ్చాడట. గుమ్మళ్ళపాడులో బర్నబా ఇంటి ముందుకొచ్చేసరికి గిన్నె బోర్లాపడి, ఉన్నదంతా ఆ వాకిట్లోనే ఒలికిపోయిందట. ఈ మాట ఊళ్ళో ఎవరన్నారనుకున్నారు? బర్నబా ఇంట్లోవాళ్ళే. ఇంకెవరూ అనలేదు.

ఆ ఇంట్లో ముగ్గురు. పెద్దవాడు బర్నబా, అతని భార్య సలోమి, తమ్ముడు తీతు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఒకసారి వాళ్ళింటి పక్కన కరెంటు తీగ తెగి వేలాడుతుంటే లైన్‌మాన్ వచ్చి, "సామాను తెచ్చుకుంటాను, అందాకా దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని బర్నబాకి చెప్పి వెళ్ళాడు. అంతే! బర్నబా కర్ర పుచ్చుకుని కాపలా కూర్చున్నాడు. లైన్‌మాన్ సామానుతో తిరిగొస్తే కర్రెత్తి, "ఎవర్నీ వద్దన్నారు కదండీ. మీరు మాత్రం ఎవరో ఒకరు కాదా?" అన్నాడు. ఊరికి మూడు రోజులు కరెంటు లేదు. సలోమికి జ్వరమొస్తే డాక్టరు, "అన్నం తిన్నాక మాత్ర వేసుకోమ్మా" అన్నాడు. ఆ వారమంతా ఆవిడ నోట్లోకి ఉప్మా తప్ప ఏమీ పోలేదు, మాత్రల పొట్లం విప్పనే లేదు. "డాక్టరుగారు అన్నమన్నారు. ఉప్మా అన్నారా?" అని పరామర్శకి వచ్చినవాళ్ళనే నిలదీసింది.

ఇక తీతు. ఇరవయ్యారేళ్ళవాడు, మనసు మాత్రం మీగడ. ఆ వేసవిలో ఊళ్ళో సువార్త సభలు పెట్టారు. మన్యంలో సేవ చేసే మిషనరీ ఒకాయన మైకు ముందు నిలబడి, "కొండల్లో జనం మన కోసం ఎదురుచూస్తున్నారు. ఎవరు వెళ్తారు?" అని గొంతెత్తి అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. తీతుకి మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

"ఒదినా, పాపం ఎదురుచూస్తున్నారట!" అన్నాడు ఇంటికొచ్చి. "ఎప్పట్నించి చూస్తున్నారో! అన్నం తిని చూస్తున్నారో, తినకుండానే చూస్తున్నారో!"

"కూర్చుని చూస్తున్నారో నిలబడి చూస్తున్నారో కూడా అడగాల్సింది మరిదీ," అంది సలోమి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

తీతు ముద్ద దిగక, తెల్లారగానే పాస్టరు దేవసహాయంగారి దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యగారండీ, నేను మిషనరీగా పోతానండి. నాకు పిలుపొచ్చిందంటారా?"

అయ్యగారు వాణ్ణి ఎగాదిగా చూశారు. పంపితే కొండలేమైపోతాయో అని ఒక భయం, వద్దంటే పిల్లాడి మనసు చిన్నబుచ్చుకుంటుందని ఇంకో భయం. "ఒరే తీతూ, అది నేను చెప్పేది కాదురా. దేవుడు నిన్ను పిలిస్తే తలుపు ఆయనే తెరుస్తాడు. నువ్వు తొయ్యకూడదు. తొయ్యకుండా తెరుచుకున్న తలుపులోకే నడువు. మిషన్‌వాళ్ళకి ఆదివారం సాయంత్రానికల్లా ఉత్తరం రాయాలి, అందాకా ప్రార్థన చేసుకో."

ఇంకేముంది! తీతు పోయి ఇంటి తలుపు ముందు కూర్చున్నాడు. అది తెరుచుకోలేదు, లోపల సలోమి గడియ పెట్టుకుని నిద్రపోతోంది. మధ్యాహ్నం గాలికి పక్కింటివాళ్ళ మేకల దొడ్డి తలుపు కిర్రుమని తెరుచుకుంది. "ప్రభువా, వస్తున్నా!" అని వాడు లోపలికి నడిచాడు. మేకల మధ్య గంటసేపు మోకాళ్ళ మీదున్నాడు. చొక్కా చేతులు రెండూ మేకలు నమిలేశాక గానీ ఇది ఆ తలుపు కాదని తేలలేదు.

ఇలా లాభం లేదని అయ్యగారు వాళ్ళకో పని చెప్పారు. ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ టీ ఇవ్వాలి, టౌన్లో కొత్తగా పెట్టిన పెద్ద బజారుకి పోయి టీ పొడి, బిస్కెట్లు తెమ్మని ముగ్గుర్నీ శనివారం పొద్దున్నే బస్సెక్కించారు. "మీ సొంత తెలివి వాడకండి నాయనా. అక్కడ ఏం రాసుంటే అది చదువుకుని, అలాగే నడుచుకోండి" అని బతిమాలి మరీ చెప్పారు.

ఆ బజారు మూడంతస్తులు. ముందర గాజు తలుపు. తీతు రెండడుగులు దాని వైపు వేశాడో లేదో, చప్పుడు లేకుండా అటు సగం ఇటు సగం జరిగి, తలుపు బార్లా తెరుచుకుంది!

తీతు అన్న చొక్కా పట్టుకుని ఆపాడు. "అన్నయ్యా... నేను తొయ్యలేదు."

"నేనూ తొయ్యలేదురా."

"నేనైతే అసలు చూడనే లేదు," అంది సలోమి.

తీతు అక్కడే మోకాళ్ళూనాడు. "వచ్చేసింది! పిలుపొచ్చేసింది! వస్తున్నానని కొండల్లోవాళ్ళకి కబురు పెట్టండి, ఇక కూర్చోమని చెప్పండి!" వెనక ఉన్నవాళ్ళు వాణ్ణి దాటుకుని లోపలికి పోయారు. బర్నబా తమ్ముణ్ణి లేపి, "ముందు టీ పొడి కొందాం, సేవ తర్వాత" అని లోపలికి లాక్కెళ్ళాడు.

లోపల మొదటి బోర్డు: 'చిరునవ్వు నవ్వండి, మీరు కెమెరాలో ఉన్నారు.' చదివారు. అంతే! ముగ్గురూ పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. బోర్డులో ఎప్పటిదాకా అని రాయలేదు కాబట్టి నవ్వుతూనే నడిచారు. కెమెరా కనబడ్డ చోటల్లా బర్నబా నడుమన నిలబడి, ఆ పక్క భార్యని ఈ పక్క తమ్ముణ్ణి పెట్టుకుని, పెళ్ళి ఫొటోలోలా బిగదీసుకుని, నూరు లెక్కపెట్టాక గానీ కదిలేవాడు కాదు.

రెండో బోర్డు: 'దయచేసి బండి తీసుకోండి.' తీసుకున్నారు. ఉప్పులూ పప్పులూ చుట్టి వస్తే మళ్ళీ అదే బోర్డు. మళ్ళీ తీసుకున్నారు. దారి తెలియక ఇంకా తిరిగారు, ఇంకా తీసుకున్నారు. చివరికి బర్నబా వెనక పదకొండు బండ్లు గూడ్సు రైల్లా తయారయ్యాయి, ఒక్కదాంట్లోనూ సరుకు లేదు. దారికి అడ్డమని ఒకావిడ అరిస్తే, "ఏం చెయ్యమంటారమ్మా, దయచేసి అని రాశారు. అంత మర్యాదగా అడిగితే కాదంటామా?" అన్నాడు, నవ్వుతూనే.

మూడోది బిస్కెట్ల దగ్గర: 'రెండు కొంటే ఒకటి ఉచితం.' సలోమి ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపింది. "బాబాయిగారూ, మీరొకటి కొనండి. ఇదిగో ఈ అక్కయ్య ఒకటి కొంటుంది. రెండయ్యాయి కదా, మూడోది నాది."

"నాకు షుగరమ్మా, బిస్కెట్లు తినను."

"మిమ్మల్ని తినమన్నానా? కొనమన్నాను."

అక్కడ ఆ బేరం నడుస్తుండగానే తీతు బట్టల వైపు తేలాడు. వరసగా పదిమంది ఆడవాళ్ళు, జరీ చీరల్లో, తెల్లగా దంతపు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. అందరూ వాడి వైపే చూస్తున్నారు. దగ్గు లేదు, గుసగుస లేదు, ఒక్కరూ వాచీ చూసుకోవడం లేదు. గుమ్మళ్ళపాడు గుడిలో వాడు సాక్ష్యం చెబుదామని లేస్తే జనం చెప్పులు వెతుక్కుంటారు. ఇక్కడ ఇంత శ్రద్ధా! వాడి గుండె పొంగిపోయింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తన పాపాలు చెప్పాడు, మేకల దొడ్డి చెప్పాడు, గాజు తలుపు చెప్పాడు. చివర, సభల్లో పెద్దలు అడిగినట్టే అడిగాడు: "మీలో మనసు కదిలినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి!"

చివర్న ఆకుపచ్చ చీరావిడ చెయ్యి ఎత్తి ఉంది!

"స్తోత్రం! అమ్మా, ముందుకు రండి. సిగ్గుపడకండి, ముందుకు రండి."

ఆవిడ రాలేదు. చెయ్యి మాత్రం దించలేదు. 'పాపం, కాళ్ళు రానట్టుంది' అనుకుని తీతు వెళ్ళి, ఎత్తిన చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించబోయాడు. టక్కుమంది. చెయ్యి వాడి చేతిలోకి వచ్చేసింది.

"అన్నయ్యోయ్! ఆడకూతురి చెయ్యి ఊడగొట్టేశా!"

ఇంకేముంది! బర్నబా పదకొండు బండ్లతో పరిగెత్తుకొచ్చాడు, బండ్లు సబ్బుల గోపురాన్ని కొట్టుకున్నాయి, సబ్బులన్నీ నేల మీద పరుచుకున్నాయి. సలోమి శోకాలు పెట్టింది. "ఎంత ఓర్పమ్మా నీది! ఒక్క అరుపైనా అరవలేదు!" అని బొమ్మకి కొంగుతో విసిరింది. తీతు ఆ చెయ్యి ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడ అదిమిపట్టి, స్వస్థత కోసం ఎలుగెత్తి ప్రార్థన చేస్తున్నాడు. ముగ్గురూ ఏడుస్తున్నారు, కెమెరా ఉంది కాబట్టి నవ్వుతూనే ఏడుస్తున్నారు. జనం గుమిగూడి ఫోన్లు ఎత్తారు. "ఇదేదో ప్రాంక్ వీడియో రోయ్!" అని ఒకడు కేక పెట్టాడు.

మేనేజరు వచ్చాడు, మొహం మిరప్పండు. "ఇలాంటి చిల్లర వేషాలు మా దగ్గర కాదు! కెమెరా ఎక్కడ దాచారు? చెప్పండి!"

"దాచడమెందుకండీ?" అన్నాడు బర్నబా, పైకి చూపిస్తూ. "అదిగో ఒకటి, అక్కడొకటి, పచ్చళ్ళ దగ్గర రెండు. అన్నిట్లోనూ నవ్వాం. ఫొటోలు ఎప్పుడిస్తారు?"

మేనేజరు తల పట్టుకున్నాడు. "ఇంకేదీ ముట్టుకోకుండా బయటికి పొండి!"

అలాగే పోయారు. చేతిలో ఉన్న చెయ్యి అక్కడ అరలో పెడదామంటే అర ముట్టుకోవాలి, ముట్టుకోవద్దన్నారు. అందుకని తీతు దాన్ని పట్టుకునే బయటికొచ్చాడు.

మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే, బక్క కుక్కొకటి నాలుక వేలాడేసుకుని వచ్చింది. గాజు తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కుక్క లోపలికి పోయింది.

"దీనికీ పిలుపొచ్చింది!" అన్నాడు తీతు, ఆశ్చర్యంగా. ఆ తర్వాత ఒక ముసలమ్మ వచ్చింది. తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ చీకుతూ ఒక పిల్ల వచ్చింది. తెరుచుకుంది. "ఇంతమందికా! అందరూ మన్యం పోతే ఇక్కడ వీళ్ళ గేదెల్ని ఎవరు చూస్తారు ఒదినా?"

కాపలా ఆయన కుక్కని బయటికి తోలుకొస్తూ ఆ మాట విన్నాడు. "పిలుపేంటయ్యా? తలుపు పైన కరెంటు కన్నుంది. ఎవరొచ్చినా తెరుచుకుంటుంది."

"ఎవరొచ్చినానా?"

"ఎవరొచ్చినా."

"మంచోళ్ళొచ్చినా, చెడ్డోళ్ళొచ్చినా?"

"దొంగొచ్చినా. నువ్వొచ్చినా."

తీతు మొహంలో నవ్వు ఆరిపోయింది. పొద్దుట్నించీ నవ్విన బుగ్గలు నొప్పెడుతున్నాయి. ఊడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే నన్ను పిలవలేదన్నమాట. నేను ఊరికే వచ్చాను, అది ఊరికే తెరుచుకుంది." కుక్క వచ్చి వాడి మోకాలు నాకింది. ముగ్గురూ బస్సెక్కి తిరిగొచ్చారు. కుక్క కూడా వాళ్ళతోనే వచ్చింది.

"టీ పొడేదిరా?" అన్నారు అయ్యగారు.

తీతు చెయ్యి ఇచ్చాడు. "ఒకావిడ చెయ్యెత్తిందండి. చెయ్యొకటే వచ్చింది, మనిషి రాలేదండి." అని, జరిగిందంతా చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. "ఆ తలుపు ఎవరొచ్చినా తెరుచుకుంటుందటండి. నాకోసం కాదటండి."

అయ్యగారు మొదట పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత బజారుకి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, చెయ్యి సోమవారం పంపిస్తామన్నారు. ఫోన్ పెట్టేసి వాడి వైపు చూస్తే, నవ్వు రాలేదు.

"ఒరే తీతూ, ఎవరొచ్చినా తెరుచుకునే తలుపంటే ఎంత గొప్ప తలుపురా! మన గుడికి అలాంటిది ఉందా? కొత్తవాడొస్తే ఎవరో ఏమిటో అని చూస్తాం. నువ్వు రేపట్నించి గుడి తలుపు దగ్గర నిలబడు. ఎవరొచ్చినా ఆ గాజు తలుపులాగే తెరువు. ఇదే నీ పిలుపు. పిలిచింది నేను కాదు."

తీతు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ తలుపులాగేనాండీ?"

"అచ్చం అలాగే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆదివారం పొద్దున తీతు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుడి బయట తలుపు పక్కన నిలబడ్డాడు. ఎవరొచ్చినా తెరిచాడు. గాజు తలుపు మనిషి పోగానే మూసుకుంటుంది కదా, అచ్చం అలాగే ప్రతి ఒక్కరి వెనకా మూశాడు. మొగుడికి తెరిచి మూశాడు, పెళ్ళానికి తెరిచి మూశాడు, చంటిపిల్లని తల్లి చంకలోంచి దింపి, దానికి వేరేగా తెరిచి మూశాడు. కుక్కకీ తెరిచాడు. నూటముప్ఫైమంది లోపలికి పోయేసరికి పదకొండయింది. ఊళ్ళో ఎన్నడూ గుడి మొహం చూడని తాగుబోతు గురవయ్య కూడా ఈ వింత చూద్దామని వచ్చి, మూడుసార్లు లోపలికి పోయాడు.

అయ్యగారు లోపల్నించి పిలిచారు. "తీతూ, ఇక నువ్వూ రారా, మొదలుపెడదాం."

"ఎలా వస్తానండీ? నేను తొయ్యకూడదు కదా. తొయ్యకుండా తెరుచుకున్న తలుపులోకే నడవమన్నారు."

నిజమే! బర్నబా లేచాడు. బయటికెళ్ళి తమ్ముడికి తలుపు తెరిచాడు. తీతు లోపలికొచ్చాడు. అన్న అచ్చం అలాగే వాడి వెనక తలుపు మూశాడు. బర్నబా బయట ఉండిపోయాడు.

"పాపం, మా ఆయన!" అని సలోమి లేచింది. బయటికెళ్ళి మొగుడికి తెరిచింది. బర్నబా లోపలికొచ్చాడు. సలోమి బయట ఉండిపోయింది.

"ఒదిన బయటుంటే నేనెలా కూర్చోను? తలుపు పని నాది!" అని తీతు లేచాడు.

అయ్యగారు ఒక పాట పాడించారు. ఇంకో పాట పాడించారు. ప్రసంగం చేశారు, కానుకలు పట్టారు, ఆశీర్వాదం పలికారు. తలుపు తెరుచుకుంటూనే ఉంది, మూసుకుంటూనే ఉంది. సాయంత్రం మిషన్‌వాళ్ళకి ఉత్తరం రాయడానికి కూర్చుని, కిటికీలోంచి గుడి వైపు చూసి, ఇలా రాశారు: "మా తీతుకి పిలుపు వచ్చిన మాట నిజమే. కానీ మన్యం రావడానికి కొంచెం ఆలస్యమవుతుంది. ఉదయం ఆరాధనకే వాళ్ళు ముగ్గురూ ఇంకా లోపలికి రాలేదు."